లోపలి పేరు, బయటి పేరు

"ఆఖరిసారి అడుగుతున్నా అమ్మాయీ. ఆ ఫోను నిజంగా వచ్చిందా, నీ బుర్రలోంచి వచ్చిందా?"

శాంతయ్య ఆ మాట అంటూ బల్ల మీద చరిచాడు. బల్ల మీది గ్లాసు ఎగిరింది. రిబ్కా ఎగిరింది. నిజం చెప్పొద్దూ, గుమ్మం పక్కన నిలబడ్డ నేనూ ఎగిరాను.

నా పేరు ఖాజావలి. బెజవాడలో నా గది తలుపు మీద 'ప్రైవేట్ డిటెక్టివ్' అని రాసి ఉంటుంది. డిటెక్టివుకి గుండెధైర్యం ఉండాలంటారు. నాకు లేదు. భయం మాత్రం దండిగా ఉంది, ఇన్నాళ్ళూ నన్ను కాపాడింది కూడా అదే. తిరువూరు మా సొంతూరు. "పక్కింటి హన్నమ్మ కొడుకు కనబడటం లేదు, కూతురు అన్నం ముట్టటం లేదు, నువ్వక్కడ ఏం వెలగబెడుతున్నావు?" అని మా అక్క నూర్‌బీ కబురు పంపితే పరిగెత్తుకొచ్చాను. హంతకులకన్నా మా అక్కంటే నాకు భయం ఎక్కువ.

హన్నమ్మ కూతురే ఈ రిబ్కా. జయశాలి లారీ సర్వీసులో టెలిఫోను బోర్డు దగ్గర పని. ఆమె తమ్ముడు యోసేపు అదే కంపెనీలో డ్రైవరు. మంగళవారం తెల్లారకుండా పత్తి బేళ్ళ లోడుతో కలకత్తా బయల్దేరాల్సిన యోసేపు విస్సన్నపేట కూడా దాటలేదు. లారీ లేదు, బేళ్ళు లేవు, మనిషి లేడు. ఆ మధ్యాహ్నమే రిబ్కాకి మొదటి ఫోను వచ్చింది. బుధవారం ఇంకోటి. రెండిట్లోనూ ఒకటే బొంగురు గొంతు, ఒకటే మాట. లారీ సంగతి ఎవరినైనా అడిగితే నీ తమ్ముడి శవం కూడా దొరకదు.

ఇవాళ గురువారం. ఇన్సూరెన్సు కంపెనీ పంపిన శాంతయ్య పొద్దుటే దిగాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కిందటేడు ఒక కేసులో ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాదని నేను తేల్చినప్పటినుంచి నన్ను చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది. యోసేపు లోడు అమ్ముకుని పారిపోయాడనీ, అతన్ని కాపాడటానికి అక్క ఫోను కథ అల్లిందనీ ఆయన తీర్పు. సాయంత్రం బస్సుకి రిబ్కాని బెజవాడ తీసుకెళ్ళి పోలీసులకి అప్పగిస్తానంటున్నాడు.

"ఆడపిల్లని అంత మాట అనేముందు ఆధారం ఉండాలి కదా శాంతయ్యగారూ?" అన్నాను.

"లేకుండా నోరు తెరుస్తానా వలీ? ఎక్స్ఛేంజికి వెళ్ళొచ్చా. మంగళవారం మధ్యాహ్నం కానీ, నిన్న మధ్యాహ్నం కానీ బయట్నించి ఈ నంబరుకి ఒక్క ఫోనూ కలపలేదన్నారు. ఇద్దరు ఆపరేటర్లదీ ఒకటే మాట. రాని ఫోను ఈవిడ ఎలా ఎత్తింది? నువ్వే చెప్పు."

శాంతయ్యకి నోటి దురుసు ఉందని తెలుసు కానీ, కాళ్ళకి పని చెప్పే ఓపిక కూడా ఉందని మరిచిపోయాను.

"నెల కిందటే బాలశౌరిగారు బేళ్ళకి ఇన్సూరెన్సు పెంచుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే పాపం ఆ పెద్దమనిషి నిండా మునిగేవాడు," అంటూ శాంతయ్య రిబ్కావైపు తిరిగాడు. "ఆయన ఉప్పు తిని ఆయన కొంపకే నిప్పు పెట్టారు అక్కాతమ్ముళ్ళు!"

బాలశౌరిగారు ఈ కంపెనీ యజమాని. ఇన్సూరెన్సు పని మీదే పొద్దున బెజవాడ వెళ్ళారని ఆఫీసులో చెప్పారు.

"ఫోను బయట్నించి కాకపోతే లోపల్నించి వచ్చిందేమో?" అన్నాను.

"అదీ అడిగా. చెప్పమ్మా, నాకు చెప్పిందే ఈయనకీ చెప్పు."

రిబ్కా పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "లోపల్నించి కాదు అన్నా. 'జయశాలి లారీ సర్వీసేనా?' అని అడిగాడు. మా లోపలోళ్ళు ఫోన్లో ఆ పేరు పలకరు."

ఈ పేర్ల గొడవ నాకు పొద్దుటే చెప్పారు. రెండేళ్ళ కిందట ఎవడో మాయలోడు వర్కుషాపుకి ఫోను చేసి, "జయశాలి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, లారీని ఫలానా చోటికి పంపండి" అన్నాడట. వీళ్ళు పంపారు. లారీ దొరికేసరికి ఇంజను తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు బాలశౌరిగారికి తెలిసొచ్చింది. జయశాలి అనే పేరు లారీ నుదుటి మీద ఉంది, ఆఫీసు గోడ మీద ఉంది, సంతలో ప్రతివాడి నోట్లోనూ ఉంది. అందరికీ తెలిసిన పేరు చెప్పినంత మాత్రాన మనవాడని ఎలా నమ్మటం? అందుకని లోపల మాట్లాడుకోవటానికి వేరే పేర్లు కావాలనుకున్నారు. జయశాలి ఒకటి, జయశాలి రెండు అని పెడదామంటే ఎవడైనా ఊహించేస్తాడు. ఉత్త అంకెలు పెడితే డ్రైవర్లకి గుర్తుండలేదు. చివరికి ఒక ఆదివారం పూజ అయ్యాక బైబిలు ముందు పెట్టుకుని కూర్చుని, బయటి పేరుతో ఏ సంబంధమూ లేని పేర్లు ఏరారు. ఆఫీసు సీయోను. వర్కుషాపు నజరేతు. బాలశౌరిగారి బంగళా గలిలయ. పెట్రోలు షెడ్డు యెరికో. ఆవరణ చివరనున్న పాత గోడౌను బేతేలు.

"వీధిలో పిలిచే పేరు వేరు, ఇంట్లో పిలిచే పేరు వేరు. రెండూ కలిపేస్తే దొంగ నేరుగా వచ్చి మన కంచం ముందు కూర్చుంటాడు," అనేవారట ఆయన.

నియమం గట్టిది. బయటి లైను మోగితే 'జయశాలి' అనాలి. లోపలి లైనైతే ముందు బోర్డు దగ్గర 'సీయోను' అనాలి, అవతలివాళ్ళు తమ చోటి పేరు చెప్పాలి, తర్వాతే మాట. ఒకదానికి ఇంకో పేరు చెబితే రూపాయి ఫైను. ఆ ఫైనుకి బోర్డు పక్కనే ఒక ఖాళీ పౌడరు డబ్బా, మూతకి చిల్లు. నిండితే చర్చికి పోతుంది. బాలశౌరిగారు కూడా ఒకసారి వేశారట. పై గదిలో ఉన్నా సరే, డబ్బాలో రూపాయి పడ్డ చప్పుడు వినిపిస్తే, "దేనికమ్మా ఫైను?" అని అక్కణ్ణుంచే అడుగుతారట. అంత నిష్ఠ!

నేను రిబ్కా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"కళ్ళు మూసుకోమ్మా. ఇది మంగళవారం మధ్యాహ్నం. నువ్వొక్కదానివే ఉన్నావు. బెల్లు మోగింది. ఏం చేశావు?"

"రేకు పడింది. పిన్ను తీసి గుచ్చాను."

బోర్డంటే పెద్దదేమీ కాదు. గోడకి బిగించిన చెక్క, దాని మీద ఐదు కన్నాలు, ఒక్కో కన్నం మీద ఒక్కో చిన్న రేకు మూత. ఏ లైను మోగితే దాని రేకు టప్పున కిందికి పడుతుంది. ఆ కన్నంలో పిన్ను గుచ్చి మాట్లాడాలి. రిబ్కా కళ్ళు మూసుకునే చెయ్యి చాచింది. చెయ్యి తిన్నగా అడుగు వరసకి వెళ్ళింది. ఆ వరసలో పక్కపక్కనే రెండు కన్నాలున్నాయి. ఎడంపక్కది బయటి లైను. కుడిపక్కది బేతేలు. ఆమె వేళ్ళు ఆ రెంటి మధ్యా ఆగిపోయాయి.

"గుచ్చగానే ఏమన్నావు?"

"'సీయోను' అన్నా."

శాంతయ్య పకపకా నవ్వాడు. "చూశావా వలీ? బయటి ఫోనుకి లోపలి పేరట! అబద్ధం ఆడటం కూడా చేతకాలేదు."

"లేదు సార్, సీయోనే అన్నా. రెండుసార్లూ అదే అన్నా."

"మరి డబ్బాలో రూపాయి వేశావా?" అని అడిగాను.

"తప్పు చేస్తేగా వెయ్యటానికి!" అంది ఆమె చటుక్కున.

అనేసి కళ్ళు తెరిచింది. తను ఏమందో తనకే అప్పుడు వినిపించింది కాబోలు, ఆ అడుగు వరసవైపే చూస్తూ ఉండిపోయింది. తప్పు చేయలేదు. రెండేళ్ళుగా అలవాటైన కన్ను రేకు చూసింది, నోరు దానికి తగ్గ పేరే పలికింది. ఆ తర్వాత చెవిలో పడ్డ భయంకరమైన మాటలకి బుర్ర మొద్దుబారింది. 'జయశాలి' అన్నాడు కాబట్టి బయటివాడే అని అందరితోపాటు ఆమె కూడా నమ్మింది.

"శాంతయ్యగారూ, ఎక్స్ఛేంజివాళ్ళు నిజమే చెప్పారు. రిబ్కా కూడా నిజమే చెప్పింది. బయటి లైను మీద ఈ ఊళ్ళో ఎవరు మాట్లాడినా ఆపరేటర్ల చెవిలోంచే పోవాలి. గొంతు పట్టేస్తారు. అందుకని వాడు లోపలి లైను మీద, బయటి పేరు పెట్టి మాట్లాడాడు."

"ఊహలు చెప్పకు. యెరికో, బేతేలు లైన్లు రెండూ ఏడాదిగా పనిచెయ్యటం లేదన్నారు."

"ఎవరన్నారు?"

నేను అగ్గిపుల్ల తీసి ముందు యెరికో కన్నంలో పెట్టి తిప్పాను. పుల్ల చివర దూది ఉండలా దుమ్ము వచ్చింది. దాని రేకుని గోటితో లాగితే కిర్రుమంది కానీ పడలేదు. తర్వాత బేతేలు కన్నంలో ఇంకో పుల్ల పెట్టి తిప్పాను. శుభ్రంగా బయటికొచ్చింది. కన్నం అంచున ఇత్తడి కొత్త బిందెలా మెరుస్తోంది. రేకుని ఇలా తాకానో లేదో, టప్పున పడింది.

ఆ చిన్న చప్పుడికి ముగ్గురమూ వెనక్కి జరిగాం.

శాంతయ్య వంగి రెండు కన్నాలూ చూశాడు. రెండు అగ్గిపుల్లలూ తీసుకుని వెలుతుర్లో పెట్టి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత బల్ల చరచలేదు.

"వర్కుషాపు కలుపమ్మా," అన్నాను రిబ్కాతో.

ఆమె పిన్ను గుచ్చి, అవతల బెల్లు మోగటానికి బోర్డు పక్కనున్న పిడి తిప్పింది. నేను గోడకి తగిలించిన రెండో రిసీవరు అందుకున్నాను.

"సీయోను," అంది రిబ్కా.

"నజరేతు!" అని అరిచాడు అవతల మేస్త్రీ పీర్‌సాహెబ్. నోట్లో టీ ఉన్నట్టుంది, అయినా ముందు ఆ మాటే బయటికొచ్చింది.

రిబ్కా తన మైకు నావైపు వంచింది. "పీర్‌సాహెబ్, బేతేలు లైను పనిచేస్తోందా?" అని అడిగాను.

"ఎవరు మాట్లాడేది? పేరు చెప్పకుండా మాట్లాడతారేంటి? రూపాయి వెయ్యండి డబ్బాలో!"

"నేను ఖాజావలిని. నూర్‌బీ తమ్ముణ్ణి."

"నువ్వా బాబూ! బేతేలు ఎక్కడిదీ? నిరుటి వానలకి గోడ కూలితే గోడౌను మూసేశారుగా. యెరికో తీగా, బేతేలు తీగా కోయించేశానని అయ్యగారే చెప్పారు."

"నువ్వు చూశావా?"

"అయ్యగారు చెప్పాక చూసేదేముందీ?" అని ఫోను పెట్టేశాడు.

కిటికీలోంచి చూస్తే ఆ గోడౌను కనిపిస్తూనే ఉంది. తుప్పు పట్టిన పాత లారీల అవతల, సర్కారు తుమ్మ చెట్ల మధ్య రేకుల కప్పు. పట్టపగలు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. అయినా నేను కిటికీ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

"ముందు తలుపు తాళం పొద్దున నేనే చూశా. తుప్పు పట్టి ఉంది," అన్నాడు శాంతయ్య గొంతు తగ్గించి.

"వెనక తలుపు?"

"చూడలేదు."

రిబ్కా దిగ్గున లేచింది. "నా తమ్ముడు అక్కడే ఉంటే? మూడు రోజులుగా నేనిక్కడ కూర్చుని ఏడుస్తుంటే వాడక్కడ..."

చెయ్యి పట్టుకుని ఆపాను. "ఉంటే ఒక్కడే ఉండడమ్మా. మనం పరిగెత్తి వెళ్ళేలోపల వాణ్ణి ఏం చేస్తారో తెలియదు. ముందు ఆ తీగ బతికుందో లేదో తేలాలి. పక్కా తెలిస్తే వర్కుషాపు జనాన్ని తీసుకుని వెనకనుంచి చుట్టేద్దాం."

"తెగిన తీగైతే పిడి తేలిగ్గా తిరుగుద్దన్నా. బతికుంటే బరువుగా ఉంటది. ఒక్క చుట్టు తిప్పితే చాలు."

ఒక్క చుట్టు తిప్పితే అవతల బెల్లు చిన్నగానైనా మోగుతుందని నాకు తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. ఆ సమయంలో అక్కడ కాపలావాడు ఎవడైనా ఉన్నా, మూసేసిన గోడౌనులో మోగిన ఫోను ఎత్తే తెలివితక్కువవాడు ఉండడనుకున్నాను. తెలివి సంగతే ఆలోచించాను, అలవాటు సంగతి ఆలోచించలేదు.

రిబ్కా తల రిసీవరు సర్దుకుని, పిన్ను బేతేలులో గుచ్చి, పిడి పట్టుకుంది. శాంతయ్య వచ్చి నా చేతిలోని రెండో రిసీవరుకి తన చెవి కూడా ఆనించాడు. మా ఇద్దరి తలలూ ఇంత దగ్గరగా వస్తాయని ఎవరైనా నిన్న చెబితే నవ్వేవాణ్ణి. ఆయన గుండె చప్పుడు నాకు వినిపిస్తోంది. నాది ఆయనకి వినిపించే ఉంటుంది.

రిబ్కా పిడి ఒక్క చుట్టు తిప్పింది. తిప్పుతున్నప్పుడే ఆమె ముఖం చూసి తెలిసిపోయింది, బరువుగా ఉందని.

మరుక్షణం అవతల ఎవరో ఫోను ఎత్తారు.

మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. రిబ్కా నావైపు చూసింది. పిన్ను తీసెయ్యమని సైగ చెయ్యబోయాను. ఆ లోపలే ఆమె పెదవులు వాటంతట అవే కదిలాయి.

"సీయోను," అంది.

"బేతేలు," అంది అవతలి గొంతు, వెంటనే.

బొంగురు గొంతు కాదు. మెత్తగా, నెమ్మదిగా, ఆదివారాల్లో చర్చిలో వాక్యం చదివే పెద్దమనిషి గొంతు. రిబ్కా నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఎవరని నేను అడగక్కర్లేకపోయింది. పొద్దున ఆ గొంతుతో మాట్లాడాడు కాబట్టి శాంతయ్య కూడా గుర్తుపట్టాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బెజవాడ వెళ్ళిన మనిషి బేతేలులో ఉన్నాడు. ఇన్సూరెన్సు పెంచుకున్న మనిషి, తీగలు కోయించేశానని చెప్పిన మనిషి. కంచే చేను మేస్తోంది.

నోరు జారిందని ఆయనకీ తెలిసింది. ఇప్పుడు ఆయన ఏం చేస్తాడోనని నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

గుడ్డ అడ్డం పెట్టుకున్న చప్పుడు. తర్వాత ఆ బొంగురు గొంతు.

"జయశాలి లారీ సర్వీసేనా?"

వెనకనుంచి సన్నగా దగ్గు వినిపించింది. రెండుసార్లు దగ్గి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ దగ్గు. రిబ్కా కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. యోసేపు! చిన్నప్పటినుంచీ పక్కింట్లో వింటున్న దగ్గు నాకు మాత్రం తెలియదా? బతికే ఉన్నాడు. ఈ క్షణం దాకా బతికే ఉన్నాడు. ఈ పిల్ల ఇప్పుడు చెప్పబోయే ఒక్క మాట మీద ఆ దగ్గు ఆధారపడి ఉంది.

గొంతు గుర్తుపట్టలేదని ఆయన నమ్మాలి. బెల్లు పొరపాటున మోగిందని, సీయోను అలవాటుగా వచ్చిందని, బేతేలు ఈ పిల్ల వినలేదని నమ్మాలి. ఎలా చెప్పాలో తెలియక నేను చేతులు గాల్లో తిప్పుతున్నాను. రిబ్కా నావైపు చూడను కూడా చూడలేదు. కళ్ళు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. రెండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది.

"అవునండీ, జయశాలి లారీ సర్వీసే. మీ మాట సరిగ్గా వినపడటం లేదండీ. ఎవరండీ మీరు?"

లోపలి తీగ మీద బయటి పేరు! శాంతయ్య పిడికిలి బిగించి నా భుజం మీద మెల్లగా గుద్దాడు. అది మెచ్చుకోలు. పోలీసు మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

అవతల గుడ్డ మళ్ళీ సర్దుకున్న చప్పుడు.

"ఆ డిటెక్టివులిద్దర్నీ సాయంత్రం బస్సుకి పంపించెయ్యి. లేకపోతే నీ తమ్ముణ్ణి మర్చిపో."

"పంపించేస్తానండీ. మీకు దణ్ణం పెడతాను, వాణ్ణేం చెయ్యకండి."

జవాబు లేదు. మాట అయిపోయిందనుకున్నాం. నేను రిసీవరు కొక్కేనికి తగిలించాను. శాంతయ్య అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు, వర్కుషాపువైపు వేలు చూపిస్తున్నాడు. ఆయన ముందు, నేను వెనక. ఇంకో నిమిషంలో పీర్‌సాహెబ్ మనుషులతో గోడౌను వెనకకి చేరుకునేవాళ్ళం.

అప్పుడు చూశాను. రిబ్కా చూపు ఎక్కడో ఉంది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె ఎడమ చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. చెంగు ముడి విప్పింది, రూపాయి బిళ్ళ తీసింది, డబ్బావైపు వెళ్ళింది. తప్పు పేరు చెప్పింది కదా మరి.

పిన్ను ఇంకా బేతేలులోనే ఉంది.

చెయ్యి చాచి దూకాను. అందలేదు. ఖాళీ డబ్బాలో రూపాయి పడి ఖంగుమంది.

రిబ్కా తల మీది రిసీవరులోంచి, సన్నగా, స్పష్టంగా, గుడ్డ అడ్డం లేకుండా, ఆ మెత్తటి గొంతు నాదాకా వినిపించింది.

"దేనికమ్మా ఫైను?"